సగం గ్లాసు

"సగమే పొయ్యమ్మా," అన్నాడు శ్రావణ్.

ప్రమీలమ్మ చేతిలో టీ గిన్నె అక్కడికక్కడే ఆగిపోయింది. ఆదివారం పొద్దున, లాలాపేట్‌లో వాళ్ల అద్దె గదిలో, నెల రోజుల తర్వాత ఇంటికొచ్చిన కొడుకు అన్న మాట అది. వాడుండేది యూనివర్సిటీ హాస్టల్లో. నడిచినా ఎంతో సేపు పట్టదు. అయినా ఏడాదిగా రాకపోకలు తగ్గించాడు. అడిగితే రీసెర్చి అంటాడు. ఆ ముక్క అర్థం కాక ఆమె ఊరుకునేది.

కానీ 'సగమే పొయ్యి' అనే మాటకు ఆ గదిలో పెద్ద చరిత్రే ఉంది. ఎప్పుడూ ఆ మాట అనే మనిషి, ఆమె పెనిమిటి చంద్రయ్య, నాలుగేళ్ల కిందట గోడ మీది ఫొటోలోకి వెళ్లిపోయాడు. మాట మాత్రం ఎక్కడికీ పోలేదన్నమాట. ఇన్నాళ్లూ ఏ మూలో నక్కి ఉండి, ఇవాళ కొడుకు నోట్లోంచి బయటికొచ్చింది.

"సగమెందుకు? నిండుగనే తాగు," అని గ్లాసు అంచుదాకా పోసి వాడి ముందు పెట్టింది.

వాడు గ్లాసు వంక చూశాడు గానీ ముట్టుకోలేదు. వేడిగా ఉందన్నాడు. ఆరనీ అన్నాడు. హాస్టల్ చుట్టూ తిరిగే కుక్కల గురించి, మెస్సులో పోసే నీళ్లచారు గురించి, ఎన్నడూ లేనిది గుక్క తిప్పుకోకుండా కబుర్లు చెప్పాడు. ప్రమీలమ్మ పొయ్యి వైపు తిరిగి ఉప్మా కలుపుతున్నట్టు నటించింది. కలపడానికి అందులో ఏమీ లేదు, అది ఎప్పుడో అయిపోయింది. ఆమె కళ్లు బీరువా తలుపుకున్న అద్దంలో ఉన్నాయి.

అద్దంలో శ్రావణ్ ఒకసారి వెనక్కి చూసుకుని, గ్లాసును నేల మీదే ఉంచి, వంగి, మూతిని దాని దగ్గరికి తీసుకుపోయాడు. కుడితి తొట్టి దగ్గర దూడలా ఒక గుక్క తాగాడు. గ్లాసు కొంచెం తగ్గాక రెండు చేతులతో పట్టుకుని పైకెత్తాడు. అప్పుడు చూసిందామె. రెండు చేతులూ వణుకుతున్నాయి. టీ అంచు మీంచి ఎగిరి చొక్కా మీద పడింది.

"తాగుతున్నవారా?" అంది ప్రమీలమ్మ, వెనక్కి తిరక్కుండానే.

"ఆఁ, తాగుతున్ననమ్మా. మంచిగున్నది."

"టీ సంగతి అడుగుతలేను."

శ్రావణ్ గ్లాసు కింద పెట్టాడు. మొహం చిన్నబోయింది. "లేదమ్మా. నీ మీద ఒట్టు. సుక్క గూడ ముట్టలే."

ఆ ఒక్క ముక్క అనకుండా ఉంటే ఆమె ఊరుకునేదేమో. ఒట్టు అనేసరికి ఒళ్లు మండిపోయింది. "ఒట్లు నాకు చెప్పకు. మీ నాయిన పెట్టిన ఒట్లు గంపెడున్నయి ఈ ఇంట్ల. చేతులు జూడు, చేతులు! నోరు అబద్ధమాడ్తది, అవి ఆడయి."

"ఎందుకు వణుకుతున్నయో నాకు గూడ తెల్వదమ్మా. ఏమో!"

"మీ నాయినకు గూడ తెల్వకుండె. గదే ఏమో. అచ్చం గదే మాట."

శ్రావణ్ చొక్కా మీది మరక రుమాలుతో తుడుచుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. గ్లాసులో సగం టీ మిగిలింది. ఉప్మా మొత్తం మిగిలింది. ప్రమీలమ్మ ఆ రోజు రెండు పూటలా ఆ ఉప్మానే తిన్నది. తింటూ కొడుకునూ మొగుణ్ణీ కలిపి తిట్టింది. తిట్టడం అయిపోయాక, వినేవాళ్లెవరూ లేరని గుర్తొచ్చి ఏడ్చింది.

*

చంద్రయ్య బోర్డులు రాసేవాడు. జనగామ దగ్గరి ఊళ్లో ఉన్న కొద్దిపాటి చెలకలో పండేది తక్కువ, ఎండేది ఎక్కువ కావడంతో, పెళ్లయిన కొత్తలోనే పెళ్లాన్ని తీసుకుని పట్నం వచ్చాడు. తార్నాక నుంచి అడిక్‌మెట్ దాకా కిరాణా కొట్లు, టైలరు దుకాణాలు, ట్యూషన్ సెంటర్లు ఆయన చేతి మీదుగానే పేర్లు పెట్టించుకున్నాయి. యూనివర్సిటీ వాళ్లు కూడా పిలిచేవాళ్లు. ఏ శాఖ ఎటో చూపించే బాణం గుర్తులు, హాస్టళ్ల పేర్లు, గడ్డి మీద నడవరాదు, ఇచ్చట వాహనములు నిలుపరాదు. ప్రమీలమ్మ వంట చేసే ఆడపిల్లల హాస్టల్ గేటు లోపల 'పూలు కోయరాదు' అని ఇప్పటికీ ఒక రేకు బోర్డు ఉంది. రంగు వెలిసింది గానీ అక్షరాలు నిలబడ్డాయి. పిల్లలు పూలు కోస్తూనే ఉంటారు, అది వేరే సంగతి.

చిక్కల్లా ఒకటే. కల్లు పడనిదే ఆయన కుంచె పట్టడు. పొద్దున్నే రంగు కలిపి, బోర్డు ముందు కూర్చుని, కుంచె ఎత్తితే చెయ్యి వణికేది. కల్లు కాంపౌండుకు పోయి రెండు గ్లాసులు తాగొస్తే, అదే చెయ్యి దారం పట్టి లాగినట్టు గీత గీసేది. కొత్తలో జనానికి అది ముచ్చటగా ఉండేది. "చంద్రన్నకు లోపల కల్లు పడితే బయట అక్షరం పడ్తది," అని నవ్వేవాళ్లు. తర్వాత్తర్వాత అదే జనం పొద్దున్నే వాసనేమిటని ముక్కు మూసుకున్నారు. యూనివర్సిటీ వాళ్లు పిలవడం మానేశారు. మిగిలిన పనిని ఫ్లెక్సీలు మింగేశాయి.

ఈ దిక్కున ఎవరి చేతులైనా వణికితే డాక్టరు అక్కర్లేదు, గల్లీ మొత్తం డాక్టర్లే. మందు కలిపిన కల్లుకు అలవాటు పడ్డ మనిషి ఒక్కసారి మానేస్తే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, మతి కూడా తప్పుతుంది. ఇది అందరూ కళ్లారా చూసిందే. అందుకని వణికే చెయ్యి కనిపిస్తే దాని వెనకాల కల్లు ఉన్నట్టే లెక్క. ప్రమీలమ్మ లెక్కా అదే. ఆమె చంద్రయ్యను కొమురెల్లి గుడికి తీసుకుపోయి, చేతిలో బండారి పసుపు పెట్టి, మల్లన్న సాక్షిగా ఇక ముట్టనని ఒట్టు పెట్టించింది.

ఆ తర్వాత చేతులు ఎప్పుడు కుదుటపడతాయా అని రోజూ చూసేది. మెస్సులో తనతో పనిచేసే బాలలక్ష్మి తమ్ముడు కల్లు మానేసి పదిహేను రోజుల్లో తేరుకున్నాడు. చంద్రయ్య చేతులు నెలలు గడిచినా తేరుకోలేదు, పైగా ఎక్కువయ్యాయి. దీనికి ఆమెకు ఒకటే అర్థం దొరికింది. దొంగచాటుగా తాగుతున్నాడు. నిద్రపోతున్నప్పుడు నోరు వాసన చూసింది. వాసన రాకపోతే లవంగాలు నములుతున్నాడనుకుంది. సంచీ వెతికితే కుంచెలు, గుడ్డపీలికలు, టర్పెంటైన్ సీసా దొరికాయి. ఆ సీసానూ వాసన చూసి తల తిరిగి కూర్చుంది. కాంపౌండుకు పోయి నిలదీసింది. కల్లు పోసే నరేందర్ "అన్న వస్తలేడు వదినా," అంటే, మీరూ మీరూ ఒకటేనని వాణ్ణి కూడా తిట్టి వచ్చింది.

"తాగలే ప్రమీలా," అనేవాడు చంద్రయ్య.

"మరి చేతులేంది?"

"ఏమో."

ఆ 'ఏమో' దగ్గరే ఆమెకు పట్టరాని కోపం వచ్చేది. తప్పు చెయ్యని మనిషైతే గట్టిగా కొట్లాడొద్దా?

బాలలక్ష్మి ఇంట్లో దావత్ అయిన రోజు చంద్రయ్య చేతిలో ప్లేటు ఊగి, పక్కావిడ పట్టుచీర మీద పులుసు ఒలికింది. ఎవరూ ఏమీ అనలేదు. అందరూ ప్రమీలమ్మ వంక జాలిగా చూశారు, అంతే. ఆ జాలి ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. "నీతోని బయటికొస్తే ఇజ్జత్ పోతది," అంది ఇంటికొచ్చాక. చంద్రయ్య మళ్లీ ఏ దావత్‌కూ రాలేదు. ఇంట్లో కూడా గోడ వైపు తిరిగి, వీపు ఇటు పెట్టి తినేవాడు. తార్నాకలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. గేటు తీయడానికీ వేయడానికీ చెయ్యి వణికినా పర్వాలేదు కదా. అట్లా రెండేళ్లు గడిచాక ఒక మధ్యాహ్నం ఆ గేటు దగ్గరే గుండె ఆగిపోయింది. "తాగి తాగి పోయిండు," అని వచ్చినవాళ్లందరికీ చెప్పి ఏడ్చింది ప్రమీలమ్మ.

ఏటా పెద్దలకు పెట్టే అమావాస్య నాడు, పెత్రమాస అంటారు దాన్ని, వాళ్ల ఇళ్లల్లో పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి ఫొటో ముందు పెడతారు. తాగే అలవాటున్న మగవాళ్లకైతే కల్లు కూడా పెడతారు. ఊరి నుంచి చంద్రయ్య అన్న ఫోన్ చేసి, "వానికింత కల్లు పొయ్యమ్మా, పాణం కొట్టుకుంటది," అని ఏటా చెబుతాడు. "ఉన్నప్పుడు తాగింది సాలదా బావా," అని ఆమె ఏటా ఫోన్ పెట్టేస్తుంది. ఇప్పటిదాకా ఒక్క చుక్క పోయలేదు.

*

ఆ ఆదివారం తర్వాత శ్రావణ్ ఫోన్ ఎత్తలేదు. చపాతీలు ఒత్తుతూ ప్రమీలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే బాలలక్ష్మి చూసింది.

"ఏమైందక్కా?"

"మా పిలగానికి గూడ చేతులు వణుకుతున్నయే చెల్లె."

బాలలక్ష్మి పెనం మీది చపాతీని మాడిపోనిచ్చి మరీ దగ్గరికొచ్చింది. "దాసుకుంటె ఎట్లక్కా? తార్నాకల కరుణాకర్ డాక్టర్ అని ఉన్నడు. మా తమ్ముణ్ణి గాయన తాన్నే మాన్పిచ్చినం. తిట్టడు, బెదిరియ్యడు, మంచిగ అడుగుతడు. తోల్కపో."

మధ్యాహ్నం వడ్డన ముగిశాక ప్రమీలమ్మ కొడుకును వెతుక్కుంటూ నడిచింది. జంతుశాస్త్రంలో పీహెచ్‌డీ వాడిది. ఆ డిపార్ట్‌మెంటు ఆవరణలో టీ బండి చుట్టూ ఓ గుంపు పిల్లలు గోడ మీద వరుసగా కూర్చుని, గ్లాసులు చేతుల్లో పట్టుకుని, ఒకడి మాట మీద ఒకడు పడి నవ్వుకుంటున్నారు. ఆ గుంపులో శ్రావణ్ లేడు. కాస్త అవతల, ఎండిపోయిన కాలువ మీది చప్టా మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. వాళ్ల వైపు వీపు పెట్టి, మూత బిగించిన ప్లాస్టిక్ సీసాలోంచి గొట్టంతో ఏదో పీలుస్తున్నాడు.

ఆ వీపును ఆమె గుర్తుపట్టింది. కొడుకు వీపని కాదు. గోడ వైపు తిరిగి అన్నం తినే వీపది. ఇద్దరిదీ భుజాల దగ్గర ఒకే వంపు. ఈ పిల్లాడు కూడా అట్లాగే జనం లోంచి తప్పుకుని తప్పుకుని, చివరికి ఏ గేటు దగ్గరో కూర్చుంటాడని ఆమెకు తోచింది. కోపం ఎటు పోయిందో పోయింది. భయం మిగిలింది.

దగ్గరికి పోయి సీసా లాక్కుని వాసన చూసింది. నిమ్మరసం.

"అమ్మా! ఈడికెందుకొచ్చినవ్?"

"తార్నాకల డాక్టర్ ఉన్నడట. తాగుడు మాన్పిస్తడట. పోదాం పా బిడ్డా. నేనేమన. ఎవ్వరికి చెప్ప."

శ్రావణ్ ఆమె మొహంలోకి చూశాడు. "ల్యాబ్‌ల గూడ గదే అంటరమ్మా. పిపెట్ గొట్టం పట్టుకుంటే చాలు, రాత్రి ఎక్కువైందారా అంటరు. మొదట్ల నవ్వుకుంట అన్నరు. ఇప్పుడు నవ్వకుండ అంటున్నరు. సార్ గూడ ఒకసారి దగ్గరికొచ్చి వాసన చూసిండు." వాడు టీ బండి వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. "ఫోన్‌ల చూస్తే పార్కిన్సన్స్ అని వచ్చింది. ముసలోళ్లకు వచ్చే వణుకుడు. గది నాకొచ్చిందేమోనని నిద్ర పడ్తలేదు. నువ్వు జూస్తే తాగుతున్ననంటవ్. ఎవ్వరికి చెప్పుకోవాలె?"

ఆమె సీసా వాడి చేతికి తిరిగిచ్చింది.

"సరే, పోదాం. రక్తం తీసి చూస్తడు గద. గప్పుడన్నా నమ్ముతవ్," అని లేచి నిలబడ్డాడు.

*

తార్నాకలో మందుల షాపు మీది అంతస్తులో ఆ డాక్టరు గది. బయట బెంచీ మీద మగవాళ్లు, ఒక్కొక్కడి పక్కన ఒక భార్యో తల్లో. ఒకాయన కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, చొక్కా చెమటకు తడిసిపోయింది. ఆయన భార్య ప్రమీలమ్మ వైపు జరిగి, ఊళ్లో పంట గురించి అడిగినంత మామూలుగా అడిగింది.

"మీవోడు ఏం తాగుతడమ్మా? కల్లా, మందా?"

"సదువుకుంటడు," అంది ప్రమీలమ్మ.

డాక్టర్ కరుణాకర్ పెద్దవయసు మనిషి. తొందరలేని మనిషి. శ్రావణ్ చెప్పినదంతా మధ్యలో అడ్డుపడకుండా విన్నాడు. చెమటలు పడతాయా, ఫిట్సు వచ్చాయా, లేనివి కనిపిస్తున్నాయా అని అడిగాడు. అన్నింటికీ లేదన్నాడు శ్రావణ్. ఎన్నాళ్ల నుంచి అని అడిగితే, "ఎమ్మెస్సీ అప్పటి నుంచి సార్. మొదట్ల వైవా ఉన్నప్పుడే ఉండె. మెల్లగ మెల్లగ ఎక్కువైంది," అన్నాడు.

"చేతులు ఒళ్లో పెట్టుకో. వదులుగా వదిలెయ్."

ప్రమీలమ్మ కొడుకు ఒడిలోకి చూసింది. రెండు చేతులూ అలిసిపోయి నిద్రపోయిన పిల్లల్లా పడి ఉన్నాయి. ఏ కదలికా లేదు. ఇన్నాళ్లూ వణుకుతున్నప్పుడే చూసింది గానీ, ఊరికే ఉన్నప్పుడు వాటిని చూడాలని ఆమెకెప్పుడూ తోచలేదు.

"ఇప్పుడు ముందుకు చాచు."

చాచగానే వణుకు మొదలైంది. వేలితో తన ముక్కునూ, డాక్టరు వేలినీ మార్చి మార్చి తాకమన్నాడు. మోచేతులు మడిచి చూశాడు. గదిలో అటూ ఇటూ నడిపించాడు. కాగితం ఇచ్చి జిలేబీ చుట్ట గీయమన్నాడు. శ్రావణ్ గీసిన చుట్ట అంచులన్నీ రంపం పళ్లలా వచ్చాయి. చివరికి రెండు గ్లాసులు తెప్పించి, ఒకదాంట్లో నీళ్లు ఇంకోదాంట్లోకి వంచమన్నాడు. సగం బల్ల మీద పోయాయి. శ్రావణ్ సిగ్గుతో తుడవబోతే, "ఉండనీ, ఎండిపోతాయి," అన్నాడు డాక్టరు.

ఆయాసానికి నోట్లో కొట్టుకునే పంపు ఏమైనా వాడతావా, వేరే మాత్రలు వేసుకుంటావా, కాఫీలు ఎన్ని తాగుతావు అని అడిగాడు. ఇవన్నీ అయ్యాక కుర్చీలో వెనక్కి వాలి, ప్రమీలమ్మతో అన్నాడు.

"అమ్మా, మీ అబ్బాయి తాగుడు మానిన మనిషిలా లేడు. ఆ వణుకు వేరే. చెమటలు, దడ, నిద్ర లేకపోవడం అన్నీ కలిసి మూకుమ్మడిగా వస్తుంది, కొన్నాళ్లకు పోతుంది. ఇది ఏళ్ల తరబడి మెల్లగా పెరిగింది. పార్కిన్సన్స్ లాగా కూడా లేదు. అందులో చెయ్యి మామూలుగా ఊరికే ఉన్నప్పుడు వణుకుతుంది, ఒళ్లు బిగుసుకుంటుంది. ఈ అబ్బాయికి చెయ్యి పనిలోకి దిగితేనే వణుకుతోంది. దీన్ని ఎసెన్షియల్ ట్రెమర్ అంటారు. థైరాయిడ్ ఎక్కువైనా ఇట్లా ఉంటుంది కాబట్టి ఆ రక్తపరీక్ష ఒకటి చేయిద్దాం. నరాల డాక్టరుకు కూడా చూపించండి." కాగితం మీద ఏదో రాస్తూ అడిగాడు. "ఇది ఎక్కువగా తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా నాయినకు ఉండె సార్," అన్నాడు శ్రావణ్. "కానీ ఆయన తాగేటోడు."

డాక్టరు కలం ఆగింది. ప్రమీలమ్మ వైపు తిరిగాడు. "తాగినాక వణుకు ఎక్కువయ్యేదా అమ్మా, తగ్గేదా?"

ఇంత కాలంలో ఆమెను ఎవరూ అడగని ప్రశ్న అది. తాగుతాడా అని అడిగారు. ఎంత తాగుతాడని అడిగారు. ఎట్లా భరిస్తున్నావని అడిగారు. తాగినాక చెయ్యి ఏమయ్యేదని ఒక్కరూ అడగలేదు.

"తగ్గేది సారూ," అంది. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేకపోయింది. "తాగకుంటె గ్లాసు గూడ పట్టకపోయేటోడు. తాగినంకనే బోర్డులు రాసేటోడు. సూదిల దారం ఎక్కిచ్చేటోడు. ఈ పిలగాని కాల్ల ముల్లిరిగితే గూడ తాగొచ్చినంకనే తీసిండు, నొప్పి తెల్వకుండ. నేనే తిట్టిన, తాగి పసిపిలగాని కాలు పట్టుకుంటవా అని."

"ఆయన తల్లిదండ్రులకు?"

"మా అత్త ఉప్పలమ్మకు తలకాయ ఊగుతుండె సారూ, అడ్డంగ. వద్దు వద్దన్నట్టు. పెండ్లయి పోంగనే నేను ఆమెకు నచ్చలేదనుకున్న. ఏడ్చిన గూడ." శ్రావణ్ తెలియకుండానే నవ్వాడు. ప్రమీలమ్మ నవ్వలేదు. ఆమెకు ఏదో అర్థమవుతోంది, అర్థం కాకుండా ఉంటే బాగుండుననిపిస్తోంది.

"ఆయన తాగుడు మానేశాడా ఎప్పుడైనా?"

"మానినన్నడు. మల్లన్న మీద ఒట్టు పెట్టిండు. కానీ మానలే సారూ. వణుకు పోలే గద. మానితే పోవాలె గద, అందుకే నేను..."



డాక్టరు కలం బల్ల మీద పెట్టాడు. "నేనాయన్ని చూడలేదమ్మా. చూడని మనిషి గురించి గట్టిగా చెప్పకూడదు. కానీ మీరు చెప్పినవన్నీ కలిపి చూస్తే ఆయనదీ ఇదే అయి ఉంటుంది. ఈ వణుకు కొంచెం తాగితే కాసేపు తగ్గుతుంది చాలామందికి. దిగిపోయాక మళ్లీ వస్తుంది, ఇంకొంచెం ఎక్కువగా. అందుకే దాన్ని మందని మేం చెప్పం. ఆయన తాగడం వల్ల వణికి ఉండడు, వణుకుతోందని తాగి ఉంటాడు. మానేసినా వణుకు పోదు. అది ఆయనతో పుట్టింది."

ఆ తర్వాత ఆయన శ్రావణ్‌తో చాలా చెప్పాడు. ప్రాణానికి ప్రమాదం లేదనీ, పూర్తిగా పోదు గానీ మాత్రలతో చాలావరకు అదుపులో ఉంటుందనీ, గాభరా పడితే ఎక్కువవుతుందనీ, దాచుకునే కొద్దీ గాభరా పెరుగుతుందనీ. ప్రమీలమ్మ వింటున్నట్టు తలూపింది. ఆమె చెవుల్లో ఒకటే మాట తిరుగుతోంది. తాగలే ప్రమీలా. తాగలే ప్రమీలా.

*

కిందికి దిగాక మెట్రో స్తంభాల పక్కన టీ కొట్టు దగ్గర ఆగారు. శ్రావణ్ మొహం తేటపడింది. ఏడాది తర్వాత వాడి మొహంలో వాడి వయసు కనిపించింది.

"ముసలోళ్ల రోగం కాదంటమ్మా! రేపు ల్యాబ్‌ల చెప్తా. ఎవడన్నా అడిగితే ఎసెన్షియల్ ట్రెమర్‌రా అంటా. దానికొక పేరున్నది."

పేరున్నది. ఆమె మనసులో ఆ మాట గుచ్చుకుంది. ఈ పిల్లాడికి ఇక మీదట చెప్పుకోవడానికి ఒక పేరుంది. చంద్రయ్యకు 'ఏమో' ఒక్కటే ఉండేది. ఆయనకు నిజంగానే తెలియదు. తెలియని మనిషి ఇంకేమంటాడు? దాని కోసమే ఆమె ఆయన్ని తిట్టింది, బతికినన్నాళ్లూ.

"అమ్మా," అన్నాడు శ్రావణ్, గొంతు తగ్గించి. "అంటే నాయిన నిజంగనే మానిండా?"

"మానిండు బిడ్డా. నేనే నమ్మలే."

"నేను గూడ నమ్మలేదమ్మా." వాడు టీ గ్లాసులోకి చూస్తూ అన్నాడు. "తాగలేరా అని నాతోని గూడ అన్నడు ఒకసారి. సరే సరే అని లేచిపోయిన."

ఇంట్లో ఉన్నది ముగ్గురు. అందులో ఇద్దరు నమ్మలేదు. ప్రమీలమ్మకు ఆ రెండేళ్లూ ఆయన తిన్న ప్రతి ముద్దా గుర్తొచ్చింది. ఆయన వీపే గుర్తొచ్చింది గానీ, ఎంత తలచుకున్నా మొహం గుర్తు రాలేదు.

శ్రావణ్ తొందరగా వస్తానని చెప్పి క్యాంపస్ వైపు నడిచాడు. నడకలో హుషారుంది. ఆమె వాడు కనిపించినంత సేపూ చూసింది. వాడు దక్కాడు. అందుకు మల్లన్నకు దండం పెట్టుకుంది. పెట్టుకున్నాక, ఆ మల్లన్న సాక్షిగానే ఇంకొకడు కూడా నిజం చెప్పాడని గుర్తొచ్చి చేతులు దించేసింది.

*

మరుసటి వారమే పెత్రమాస. బావగారి ఫోన్ రానే వచ్చింది. "ఈ ఏడన్నా వానికింత పొయ్యమ్మా."

"పోస్త బావా," అంది ప్రమీలమ్మ. ఆయన ఆశ్చర్యపోయి, ఏమన్నావని మళ్లీ అడిగాడు.

పనికి సెలవు పెట్టి అన్నం, పప్పు, చంద్రయ్యకు ఇష్టమైన గోంగూర మటన్ వండింది. సాయంత్రం స్టీలు క్యాను పట్టుకుని కాంపౌండుకు పోయింది. అక్కడి మగవాళ్లు కొంచెం సర్దుకుని దారిచ్చారు. నరేందర్ ఆమెను చూసి ముందు జంకాడు. మళ్లీ ఎవరి మీద గొడవకొచ్చిందో అనుకున్నాడు.

"మా ఆయనకు పెట్టాలె. పొయ్యి," అని క్యాను ముందుకు చాచింది.

నరేందర్ కుండ వంచుతూ అన్నాడు. "మంచి పని చేసినవ్ వదినా. పోయేముందు రెండేండ్లు అన్న ఈ దిక్కు రానే లేదు. ఒకసారి గేటు కాడ నిలవడ్డడు. రా అన్నా, ఒక్క గ్లాసు తాగు అని పిలిచిన. వద్దురా, ప్రమీలకు మాటిచ్చిన అన్నడు. చేతులు గజగజ వణుకుతున్నయి పాపం. కాసేపు గట్లనే నిలవడి పోయిండు. నీకు చెప్పిన వదినా గప్పుడు, నువ్వు ఇనలే."

క్యానులో నురగ పైకి లేచింది. ప్రమీలమ్మ దాన్నే చూస్తూ నిలబడింది.

"తీస్కో," అంది చివరికి, క్యాను వెనక్కి జరిపి. "ఎవరికన్నా పొయ్యి. ఆయన మానిండు."

ఖాళీ క్యానుతో ఇంటికొచ్చింది. ఫొటో ముందు విస్తరి వేసి అన్నీ వడ్డించింది. ఆయన గోడ వైపు తిరిగి కూర్చునే చోటు ఆ ఫొటో కిందే. ఇవాళ ఫొటోలోంచి ఆయన ఇటు చూస్తున్నాడు, ఆమె మొహంలోకి నేరుగా. వెలిసిపోయిన బోర్డు మీది అక్షరాల్లాగా ఆ మొహాన్ని దగ్గరికి పోయి చదువుకుంది. అందులో కోపం లేదు. కోపం ఉంటేనే బాగుండేది.

పొయ్యి వెలిగించి టీ పెట్టింది. అల్లం దంచి వేసింది, ఆయనకు ఇష్టమని. రెండు గ్లాసులు తీసింది. తన గ్లాసులో కొంచెం పోసుకుంది. ఆయన గ్లాసులో సగం దాకా పోసి, అలవాటు కొద్దీ చెయ్యి ఆపింది. ఆపి, మళ్లీ వంచింది. టీ అంచు దాకా వచ్చి నిలిచింది.

ఆ గ్లాసు తీసుకుపోయి ఫొటో ముందు పెట్టి, ఎదురుగా కింద కూర్చుంది.

"నిండుగనే పోసిన," అంది. "ఒలికితే ఒలకనీ. ఏమనను."